రద్దయిన గోలుకి చేపల పులుసు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా బావ. మేనత్త కొడుకు. ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ నుంచి కొల్లేరు చెరువుల మీదికి ఐసు దించే వ్యాను నడుపుతాడు. ఆ ఆదివారం ఉదయం అమ్మ గుడికి కట్టుకెళ్ళే చీర ఇస్త్రీ చేసుకుంటోంది. గట్టు మలుపు దగ్గర మొదలైన హారను మా వాకిట్లోకి వచ్చేదాకా ఆగలేదు. ఇరుగుపొరుగు పెళ్ళి బస్సు వచ్చిందనుకుని బయటికొచ్చారు.

"అత్తా! కొట్టేసిందత్తా! చిన్నది గోలు కొట్టేసింది!"

అమ్మ ఇస్త్రీపెట్టె ఎక్కడున్నది అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆ చీర కుచ్చిళ్ళలో ఇస్త్రీపెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ ఇప్పటికీ ఉంది.

"నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?" అంది అమ్మ.

"నా రెండు కళ్ళతో చూశాను. నిన్న సాయంత్రం ఫోన్లో లైవు వస్తోంది. బంతి లోపలికెళ్ళింది, పిల్లలందరూ వచ్చి మన చిన్నదాన్ని వాటేసుకున్నారు. అంతలో సిగ్నల్ పోయింది. గట్టు మీద సిగ్నల్ సంగతి తెలిసిందేగా."

"మరి రాత్రే చెప్పొద్దూ?"

"లోడు దింపేసరికి మీరు పడుకున్నారత్తా. అయినా ఇలాంటి మాట తెల్లారి చెబితేనే అందం."

చిన్నది అంటే మా చెల్లి. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. ఫుట్‌బాల్ ఆడడమే దాని ఉద్యోగం. అందులోనూ ముందు వరసలో ఉండి గోలు కొట్టవలసిన మనిషి. అలాగని పెద్ద పేరున్న ఆటగత్తె ఏమీ కాదు. ఒక దేశంలో ఒక సీజను, ఇంకో దేశంలో సగం సీజను. ఎక్కడ ముందు వరసలో మనిషి తక్కువైతే అక్కడికి బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతుంది. వరి కోతలకి ఊరూరా తిరిగే ముఠా మనిషి అంటుంది అమ్మ. ఏడేళ్ళలో నాలుగు దేశాలు తిరిగింది. ఆ ఏడు ఐస్‌లాండ్‌లో ఉంది. సముద్రం ఒడ్డున, చేపల రేవున్న చిన్న ఊరు, అక్కడి జట్టు.

సీజను అయిపోవచ్చింది. పదకొండు ఆటలు ఆడింది, ఒక్క గోలూ పడలేదు. వయసు ముప్పై దాటింది. గోలు కొట్టని ఫార్వర్డుని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? మిగిలిన మూడు ఆటల్లో ఏదో ఒకటి జరక్కపోతే జట్టువాళ్ళు మళ్ళీ కాగితం రాయరని, ఈ వయసులో ఇంకో జట్టు పిలవదని, ఇక ఆట అయిపోయినట్టేనని చెల్లి నాకొక్కదానికే చెప్పింది. "అమ్మకి చెప్పకక్కా" అంది. నేను చెప్పలేదు. అమ్మకి తెలుసు.

నా మనసులో ఒక మూల, ఇంటికొచ్చేస్తే బాగుండునని కూడా ఉండేది. దేవుడికి తెలిసిన సంగతి మీ దగ్గర దాచడమెందుకు. కానీ ప్రార్థనలో మాత్రం గోలే అడిగేదాన్ని. దానికి కావలసింది అడగాలి గానీ నాకు కావలసింది కాదు కదా.

మాది కొల్లేరు పక్కన లంక ఊరు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. వానాకాలం బడికి పడవ దాటి వెళ్ళాలి. "పిల్ల ఊపిరి నిలబడితే చాలు, చదువు ఇంట్లోనే కానీ" అన్నారు నాన్న. అమ్మే నాకు పంతులమ్మ. బైబిలు, అమ్మ దాచుకున్న పాత వాచకాలు, చేపల మేత బస్తాల మీద అచ్చు వేసిన అక్షరాలు, నెల్లాళ్ళు ఆలస్యంగా వచ్చే పాత పేపర్లు, ఇదీ నా బడి. దేవుడు నాకు ఊపిరి తక్కువిచ్చి తీరిక ఎక్కువిచ్చాడు. తీరిక లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయగలిగేదాన్నా? అందుకు ఆయనకి వందనాలు. నా వాటా ఊపిరి కూడా చెల్లికే ఇచ్చినట్టున్నాడు. అది పుట్టినప్పటి నుంచీ పరుగే.

నాన్న ఒక ఆసామి చేపల చెరువుకి కాపలా ఉండేవారు. ఎండాకాలం చేపలు పట్టేశాక చెరువు ఎండగడతారు. అడుగంతా నెర్రెలిచ్చి గట్టిపడుతుంది. అదే మా చెల్లి మైదానం. చుట్టూ ఎత్తైన గట్లు, కాబట్టి బంతి బయటికి పోదు. ఎటు తన్నినా గట్టుకి తగిలి వెనక్కి దొర్లుకుంటూ వస్తుంది. గీతలు లేవు, ఈల లేదు. నీళ్ళు వదిలే సిమెంటు తూమే గోలు. నాన్న, బావ ఒక పక్క. చెల్లి, నాలుగిళ్ళ పిల్లలు ఒక పక్క. నేను గట్టు మీద తాటాకు నీడన కూర్చుని లెక్క చెప్పేదాన్ని.

చెల్లి ఎప్పుడూ వెళ్ళి తూము పక్కనే నిలబడేది. బంతి ఎక్కడున్నా సరే, అది అక్కడే. అది నాన్న నేర్పినదే. "కొత్త నీళ్ళు ఎక్కడ పడుతుంటే చేప అక్కడికే వస్తుందే. వెంటపడి తిరక్కు. తూము దగ్గరుండు, అదే వస్తుంది" అనేవారు. నిజంగానే వచ్చేది. ఒక్కో సాయంత్రం పది గోల్సు కొట్టేది.

ఇంటర్‌కి చెల్లిని తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంట్లో ఉంచాం. కాలేజీలో డ్రిల్లు మాస్టారు దాని పరుగు చూసి జట్టులో వేశారు. మొదటి ఆటకి నేనూ నాన్నా బస్సెక్కి వెళ్ళాం. చెల్లి అలవాటు ప్రకారం అవతలి గోలు పక్కన వెళ్ళి నిలబడింది. బంతి అందింది, కొట్టింది. ఈల వేశారు. మళ్ళీ నిలబడింది, మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఈల. అలా ఏడుసార్లు. నాన్న ఏడుసార్లూ చప్పట్లు కొట్టారు, ఈల మెచ్చుకుంటూ వేస్తున్నారనుకుని.

ఆట అయ్యాక మాస్టారు మా దగ్గరికొచ్చారు. "ఏవండీ, మీ అమ్మాయికి కాలుంది, పరుగుంది, కన్నుంది. గీత తెలీదండీ" అన్నారు.

"ఏ గీతండీ?" అన్నారు నాన్న.

అప్పుడు మాస్టారు ఇసుకలో పుల్లతో గీసి చెప్పారు. మనవాళ్ళు బంతి మనకి అందించే క్షణానికి, అవతలి జట్టు వాళ్ళందరినీ దాటిపోయి వాళ్ళ గోలు దగ్గర నిలబడి ఉండకూడదు. వాళ్ళలో ఒకరైనా, గోలు కాసే మనిషి కాకుండా, మనకీ గోలుకీ మధ్య ఉండాలి. లేకపోతే పక్కన నిలబడ్డ మనిషి జెండా ఎత్తుతాడు, కొట్టిన గోలు రద్దయిపోతుంది. దీన్నే ఆఫ్‌సైడు అంటారు. నాన్న చాలాసేపు ఆ గీతల వంక చూసి, "అయితే తప్పు నాదండీ. మా చెరువులో ఇది లేదు" అన్నారు.

చెల్లి నేర్చుకుంది. కానీ ఎండిన చెరువులో పన్నెండేళ్ళు అబ్బిన అలవాటు అంత తొందరగా పోతుందా? ఏలూరులో జిల్లా జట్టుకి ఎంపిక జరిగినప్పుడు రెండుసార్లు జెండా లేచింది, అయినా పరుగు చూసి తీసుకున్నారు. తరవాత చెన్నైలో ఒక జట్టు. ఆ తరవాత దేశాలు. ఖాట్మండులో దిగిన రోజు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ గాలి పల్చన. నీ ఉబ్బసం ఎలా ఉంటుందో ఇవాళ తెలిసిందే" అంది. మాల్దీవుల్లో మైదానం పక్కనే సముద్రమట, గట్టిగా తన్నితే బంతి కోసం పడవ వేసుకుని వెళ్ళాలట. సైప్రస్‌లో అది అద్దెకున్న ఇంటి ముసలావిడ రోజూ ఆలివ్ కాయల ఊరగాయ పెడుతుంటే, ఇది మర్యాదకి అమ్మ పంపిన ఆవకాయ పెట్టింది. ఆవిడ రెండు రోజులు దీనితో మాట్లాడలేదు. మూడో రోజు గిన్నె పట్టుకుని వచ్చి ఇంకొంచెం వేయమందట.

ఏ దేశంలోనైనా కోచ్‌లు ఏ భాషలో తిట్టినా తిట్టు మాత్రం ఒకటే. ముందుకెళ్ళి నిలబడకు. నాన్న పోయి నాలుగేళ్ళు. "జెండా లేచినప్పుడల్లా నాన్న గుర్తొస్తారక్కా" అంటుంది అది.

ఐస్‌లాండ్‌లో జట్టు ఇచ్చేది సరిపోదని పొద్దుట చేపల ఫ్యాక్టరీలో పని, సాయంత్రం ప్రాక్టీసు. మొదటి రోజే ఫోన్: "ఇక్కడ చేపలు కోయడానికి నాకు శిక్షణ ఇస్తారటక్కా! నాకు! కత్తి తీసుకుని ఒకటి శుభ్రం చేసి చూపించాను. నన్నే ఇంకో నలుగురికి నేర్పమన్నారు. వాసన కూడా అచ్చం ఆకివీడే. కళ్ళు మూసుకుంటే బావ వ్యాను పక్కన నిలబడ్డట్టుంది."

"ఐసు దేశం మన వ్యాపారమే కదే" అన్నాడు బావ.

మా చర్చిని మేం గుడి అనే అంటాం. అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రసంగానికి ముందు స్తుతి చీటీలు చదువుతారు. ఫలానా వారి గేదె క్షేమంగా ఈనినందుకు, ఫలానా వారి చెరువుకి తెగులు తగ్గినందుకు, ఫలానా అబ్బాయి పాసైనందుకు అని. చీటీ ఇచ్చినవారు లేచి రెండు మాటలు సాక్ష్యం చెబుతారు. స్తోమత ఉన్నవారు ఆ పూట అందరికీ అన్నం పెడతారు. చెల్లి ఐస్‌లాండ్ వెళ్ళినప్పుడే అమ్మ మొక్కుకుంది: ఆ దేశంలో మొదటి గోలు కొట్టిన వారమే సంఘానికంతటికీ చేపల పులుసు అని. పదిహేను రోజుల్లో పెట్టేస్తాననుకుంది పాపం. నాలుగు నెలలు గడిచిపోయాయి.

అందుకే ఆ ఆదివారం బావ హారను విన్నాక మా ఇంట్లో ఎవరి కాలూ నేల మీద లేదు. బావ వ్యాన్లోనే రెండు పెద్ద బొచ్చె చేపలు, ఒక శీలావతి ఉన్నాయి. గుడి వెనక టార్పాలిన్ కింద పొయ్యి పెట్టారు. అమ్మ పులుసు దగ్గర ఉండిపోవడంతో సాక్ష్యం నా మీద పడింది. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు ఊపిరి సగం అవుతుంది. పాస్టరమ్మగారు చీటీ అందుకుని, "ఐస్‌లాండ్ దేశంలో గోలు నిమిత్తం" అని చదివారు. వెనక బెంచీలో ఒక పెద్దాయన "ఎవరికండీ బాలేదు?" అని పక్కాయన్ని అడగడం నాకు వినిపించింది.

నేను లేచాను. "పదకొండు ఆటలు ఖాళీ చేతులతో తిరిగొచ్చిన నా చెల్లిని దేవుడు మరిచిపోలేదు" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను గానీ అంతటితోనే కూర్చుండిపోయాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ పూట పాటలు కూడా ఎప్పటికన్నా పెద్దగా పాడారు. వెనక నుంచి పులుసు వాసన వస్తోంది కదా, అది కూడా ఒక కారణం అయి ఉంటుంది.

బయట సన్నగా వాన. గుళ్ళోనే బెంచీలు జరిపి, చాపలు పరిచి వరసగా కూర్చోబెట్టాం. సగం భోజనాలై ఉంటాయి, మధ్యాహ్నం పన్నెండు దాటింది, నా ఫోను మోగింది. ప్రతి ఆదివారం చెల్లి లేవగానే చేసే ఫోనే. బావ నా చేతిలోంచి లాక్కుని, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"ఏమే చిన్నదానా! ఇక్కడ నీ గోలు తింటున్నాం!"

అవతల ఆవులింత సగంలో ఆగింది.

"ఏ గోలు బావా?"

"అదేంటే, నిన్న కొట్టావుగా! నేను చూశాను. అందరూ వాటేసుకున్నారు కూడా."

"వాటేసుకున్నాక జెండా చూశాం బావా. ఆఫ్‌సైడు. రద్దు చేశారు. సున్నా సున్నాతో అయిపోయింది ఆట."

చేతులన్నీ ఆగిపోయాయి. వెనక బెంచీ పెద్దాయన చేప ముక్క నోటిదాకా తెచ్చినవాడు మళ్ళీ ఆకులో పెట్టేశాడు, తినడం తప్పేమో అన్నట్టు. బావ మొహం చూడలేకపోయాను. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

పాస్టరమ్మగారు మెల్లగా అడిగారు. "ఆఫ్‌సైడంటే ఏంటండీ?"

మాస్టారు ఇసుకలో గీసింది నాన్న ఇంటికొచ్చి చెప్పగా విన్నదంతా, అమ్మ గరిటెతో గాల్లో గీసి చెప్పింది. పాస్టరమ్మగారు శ్రద్ధగా విన్నారు. "అంటే ఆకు వేసి పిలవకముందే వెళ్ళి కూర్చోవడం అన్నమాట" అన్నారు.

ఫోన్లోంచి చెల్లి గొంతు: "అక్కా, అక్కడెంతమందున్నారు?"

"అందరూ ఉన్నారే."

"ఏ చేప?"

"బొచ్చె."

"తల ఎవరికేశారు?"

నేను నీళ్ళు నమిలాను. "బావకి."

"బావకా! లేని గోలు చూసినందుకు తలకాయ కూడానా!"

అని నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తరవాత ఆపుకోలేక. అది నవ్వుతుంటే పెద్దాయనకి నవ్వొచ్చింది, ఆయన్ని చూసి వరసంతా. రెండు నెలల నుంచి అది నాతో మాట్లాడుతోంది గానీ నవ్వలేదు. నాకది ఆ క్షణంలోనే తెలిసింది, నవ్వు విన్నాక.

"అయితే మనమూ ఆఫ్‌సైడే వెళ్ళామమ్మా" అంది అమ్మ. "ఇంకా ఇవ్వనిదానికి స్తోత్రం చెప్పేశాం. ఇప్పుడేం చెయ్యాలి?"

"చెప్పింది చెప్పిందేనండీ. మన గుళ్ళో జెండా ఎత్తేవాళ్ళెవరూ లేరు. నాకింకొంచెం పులుసు వేయించండి" అన్నారు పాస్టరమ్మగారు.

బావ ఆ తరవాత మా వీధిలో హారను కొట్టడమే మానేశాడు.

నాకు మాత్రం లోపల కోపం పోలేదు. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా గుడి కోసం ఒక పిడికెడు పక్కకి తీసి, ఆ పిడికెడు డబ్బాలో పోస్తూ చెల్లి కోసం ప్రార్థించడం నా అలవాటు. ఆ వారమంతా ప్రార్థన చెల్లి దగ్గర మొదలై జెండా దగ్గరికి పోయేది. చూసీచూడనట్టు వదిలేస్తే ఏం పోయిందయ్యా ఆ జెండా మనిషికి, అని దేవుణ్ణే నిలదీశాను. మరుసటి ఆదివారం ఫోన్లో ఆ మాట చెల్లితోనూ అనేశాను.

"ఆ జెండా పట్టుకున్నవాడికి కళ్ళు లేవా?"

"వాడు కాదక్కా, ఆవిడ" అంది. దాని గొంతు మారింది. "కళ్ళున్నాయి కాబట్టే ఎత్తింది. నేను ముందున్నాను. ఆట అయ్యాక మావాళ్ళెవరూ ఆవిడకి చెయ్యివ్వలేదు. నేను వెళ్ళి ఇచ్చాను. ఎంత ముందున్నానని అడిగితే, కిందకి వంగి తన బూటు చూపించింది. ఇంతే, అంది."

ఆవిడ ముసలివాళ్ళుండే ఆశ్రమంలో నర్సట. శనివారాలు సెలవు పెట్టుకుని, రెండు గంటలు కారు నడుపుకుంటూ వస్తుంది. వానలో, ఆ గాలిలో, గీత పక్కన అటూ ఇటూ పరుగెత్తుతుంది. చూడ్డానికొచ్చిన యాభై మందీ ఆవిడ మీదే అరుస్తారు. ఇవాళ ఈ జట్టువాళ్ళు, వచ్చే వారం ఆ జట్టువాళ్ళు. ఇదంతా వింటుంటే నా వారం రోజుల ప్రార్థన నాకే సిగ్గనిపించింది.

"బూటు పొడుగంటే ఎంతసేపే?" అన్నాను.

"ఒక్క ఊపిరంతసేపక్కా."

"మరి ఆ ఒక్క ఊపిరీ బిగబట్టు. నాకు ఉబ్బసం వచ్చినప్పుడు అమ్మ నేర్పింది చూడు. తొందరపడకు, ఒకటి లెక్కపెట్టు, అప్పుడు వదులు."

"నీ ఉబ్బసం వైద్యం నాకా!" అంది నవ్వుతూ. కానీ అడిగింది, ఎలా లెక్కపెట్టాలో మళ్ళీ చెప్పమని.

ఆ ముందు రోజు జరిగిన ఆటలోనూ గోలు రాలేదు. ఇక ఒక్కటే ఆట మిగిలింది. ఆ వారం మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. మాట్లాడినా చేపల గురించే.

చెల్లి ఆట జరుగుతుంటే నేను ఎప్పుడూ చూడను. ప్రార్థనలో ఉన్నానని చెబుతాను గానీ, అసలు సంగతి భయం. ఆ చివరి ఆటకి మాత్రం వెళ్ళాను. ఆకివీడు రోడ్డు మీద, సిగ్నల్ బాగా అందే వంతెన పక్కన బావ వ్యాను ఆపాడు. శనివారం సాయంత్రం, అప్పుడే దీపాలు పెట్టిన వేళ. వెనక తలుపు తెరిచి, గోనెపట్టా కప్పిన ఐసు దిమ్మల మీద ఫోను నిలబెట్టాడు. అమ్మ, నేను, గొడుగుతో పాస్టరమ్మగారు, ఇంకో ఏడెనిమిది మంది. ముందు నిలబడ్డవాళ్ళకి మొహాలకి చల్లటి ఆవిరి తగులుతోంది.

"నువ్వు నోరు విప్పకు" అంది అమ్మ బావతో. "ఇదివరకు నువ్వు చూసింది చాలు."

"నేనేం మాట్లాడనత్తా. నేను డ్రైవర్ని."

ఫోన్లో చెల్లి నా చిటికెన వేలి గోరంత ఉంది. అయినా నిలబడ్డ తీరుని బట్టి గుర్తుపట్టాను. జెండా ఆవిడ కూడా ఆవిడేనట. ముందు రోజు చెల్లి చెప్పింది. పొడుగ్గా, పసుపు చొక్కాతో, గీత వెంట పరుగెడుతోంది. అవతలి వాళ్ళు ఒక గోలు కొట్టారు. సమయం కరిగిపోతోంది. చెల్లి రెండుసార్లు పడింది, లేచింది. ఇంకా నాలుగైదు నిమిషాలే ఉందనగా ఎడమ పక్క నుంచి చెల్లి జట్టు పిల్లొకతి బంతి తీసుకుని వస్తోంది. చెల్లి ముందుకి ఒక అడుగు వేయబోయి ఆగింది. నిజంగా ఆగింది. అందరూ పరుగెడుతున్న చోట అదొక్కతే నిలబడిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. ఒకటి.

అప్పుడు బయల్దేరింది. బంతి వచ్చింది, గోలు కాసే అమ్మాయి చేతికి తగిలి ఎగిరింది, పరుగున వస్తున్న చెల్లి తుంటికి కొట్టుకుని కింద పడి, నీళ్ళు తగ్గిన చెరువులో చేపపిల్ల తూములోకి జారినట్టు నెమ్మదిగా లోపలికి దొర్లింది.

మా వ్యాను దగ్గర ఒక్కరూ అరవలేదు. అందరి కళ్ళూ పసుపు చొక్కా కోసం వెతుకుతున్నాయి. సరిగ్గా అప్పుడు బొమ్మ ఆగిపోయి, ఫోన్లో సున్నా గిరగిరా తిరగడం మొదలైంది.

"బావా!"

బావ ఏమీ మాట్లాడకుండా ఫోను తీసుకుని వ్యాను టాపు మీదికెక్కేశాడు. కింద నుంచి మేమంతా మెడలెత్తి చూస్తున్నాం. "వస్తోందా?" అంటుంది అమ్మ. జవాబు లేదు. "ఒరేయ్, వస్తోందా?" జవాబు లేదు. నోరు విప్పొద్దని తనే చెప్పానని అమ్మకి గుర్తొచ్చింది. "ఇప్పుడు విప్పరా నాయనా!"

"జెండా కిందే ఉందత్తా" అన్నాడు బావ. "జెండా కిందే ఉంది. ఆవిడ మధ్య గీత వైపు పరుగెత్తుకెళ్ళిపోతోంది. చిన్నది కూడా ఆవిడ వంకే చూస్తోంది. ఇప్పుడు కూర్చుండిపోయింది గడ్డి మీద. ఇప్పుడు వాటేసుకుంటున్నారు."

"ఇప్పుడు చెప్పొచ్చా స్తోత్రం?" అంది అమ్మ.

"ఇంకొక్క నిమిషం చూద్దామండీ" అన్నారు పాస్టరమ్మగారు. ఒక్క నిమిషం అందరం రోడ్డు మీద అలాగే నిలబడ్డాం. తరవాత బావ టాపు మీంచి దూకి, కిటికీలోంచి స్టీరింగు మీద చెయ్యి పెట్టి, వారాల తరబడి దాచుకున్న హారనంతా కొట్టాడు.

మర్నాడు ఫోన్లో మొదట నేనే అడిగాను. "తుంటికి తగిలితే గోలేనా?"

"పుస్తకంలో తుంటి అని రాయరక్కా, నా పేరు రాస్తారు."

ఆట ఒకటి ఒకటితో ముగిసిందట. ఆ తరవాత కోచ్ పిలిచి ఇంకో ఏడాదికి కాగితం ఇచ్చాడట. గోలు కొట్టినందుకా అని చెల్లి అడిగింది. దానికీ కొంత అన్నాడట ఆయన. ఎక్కువ మటుకు, అన్ని ఆటలు గోలు లేకపోయినా పరుగు ఆపనందుకని, ఆగడం నేర్చుకున్నందుకని. అది చెబుతూ చెల్లి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంటికి రాదన్న దిగులు అందులో ఒక్క చుక్క ఉందేమో. మిగిలినదంతా సంతోషమే.

అమ్మ రెండోసారి పులుసు పెట్టలేదు. "తిన్నది దీనిదే. కాస్త ముందు తిన్నాం, అంతే" అంది. సంఘంలో ఎవరూ కాదనలేదు.

ఆటలు లేని చలికాలంలో చెల్లి ఇంటికొచ్చి నెల్లాళ్ళుంది. మొదటి పూటే బొచ్చె తల తన ఆకులో వేయించుకుని, బావని ఎదురుగా కూర్చోబెట్టుకుని తింది. నాకోసం ఒక ఫొటో తెచ్చింది. ఆ ఊరి పేపర్లో పడ్డదట. బంతి గోల్లోకి దొర్లుతోంది, చెల్లి ఒంటికాలి మీద తూలుతోంది, అందరూ బంతినే చూస్తున్నారు. ఫొటో అంచున, సగం తెగిపోయి, పసుపు చొక్కా ఆవిడ ఉంది. జెండా కిందికి దించి, బంతిని కాదు, గీతని చూస్తోంది. ఆ ఫొటో నా బియ్యం డబ్బా పైన గోడకి అతికించుకున్నాను.

మా చెల్లి కోసం ప్రార్థించేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. అది పడితే అయ్యో అనేవాళ్ళు, కొడితే హారను వేసేవాళ్ళు ఉన్నారు. ఆ జెండా ఆవిడకి మైదానంలో ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆవిడ పేరు చెల్లి మూడుసార్లు చెప్పింది, నా నోరు తిరగలేదు. పేరు రాకపోయినా ఇప్పుడు పిడికెడు బియ్యం తీసేటప్పుడు ఆవిడని కూడా తలుచుకుంటున్నాను. ఇది చదివినవారు మీ మీ పద్ధతుల్లో, ఏదో ఒక శనివారం, చలిగాలిలో గీత పక్కన పరుగెడుతున్న ఆ నర్సమ్మని ఒక్కసారి తలుచుకోండి.